ఈ ఎండ ఎందుకమ్మా అని అడిగితే

మే నెల ఆఖరి వారం, రోళ్ళు పగిలే రోహిణి కార్తె. కరెంటు పోతుంది, కూలర్ ఆగుతుంది, పిల్లలు చిరాకుపడతారు. "దేవుడు ఈ ఎండ ఎందుకు పెట్టాడమ్మా?" అని అడుగుతారు. "ఊరుకో, అసలే ఉక్కపోస్తుంటే నీ గోల ఒకటి" అని తోసెయ్యకండి. దేవుడి గురించి పిల్లలు తమంతట తామే అడిగే సందర్భాలు ఏమంత ఎక్కువ రావు.

ఆ ప్రశ్నకు జవాబు నిజంగానే ఉంది. ఎండకు సముద్రం కంటే నేల త్వరగా, ఎక్కువగా కాగుతుంది. దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది తడిగాలి తోసుకొస్తుంది. నైరుతి రుతుపవనం అదే. మామూలుగా జూన్ 1కి కేరళ తీరం తాకి, తర్వాతి రోజుల్లో రాయలసీమ మీదుగా మన దగ్గరికి వస్తుంది. రోహిణి బాగా కాయాలని పెద్దవాళ్ళు ఊరికే అనుకోలేదు. "మనకు చిరాకు పుట్టిస్తున్న ఈ ఎండతోనే దేవుడు మనకు నీళ్ళు సిద్ధం చేస్తున్నాడు నాన్నా" అని రెండూ కలిపి చెప్పండి. గాలి కదిలే తీరు తెలిస్తే పిల్లలకు దేవుడి మీద నమ్మకం తగ్గుతుందేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. పప్పు ఎలా వండారో తెలిసినంత మాత్రాన అందులో అమ్మ చెయ్యి లేదనుకోరు పిల్లలు.

తొలకరి పడ్డ మర్నాడు వాళ్ళను చేను గట్టుకో, కనీసం ఊరి చివర గడ్డి నేలకో తీసుకెళ్ళండి. ఆరుద్ర పురుగు కనబడితే ఎర్రటి మఖమల్ గుడ్డను చిటికెడు తుంచి పడేసినట్టుంటుంది. అన్నాళ్ళూ మట్టిలో దాగి, తడి తగలగానే పైకొస్తుంది. అరచేతిలోకి తీసుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. కాసేపు ఓపిక పడితే మెల్లగా నడక మొదలెడుతుంది. పురుగుల గుడ్లు తిని బతికే ఈ ప్రాణి రైతుకు మేలే చేస్తుంది. పురుగుమందులు ఎక్కువైన పొలాల్లో ఇవి మునుపటంత కనబడటం లేదని రైతులంటారు. అదీ దాచకుండా చెప్పండి. ఇచ్చినదాన్ని కాపాడుకోవలసింది మనమే కదా.

ఇక కష్టమైన ప్రశ్న ఒకటుంది. వాన దేవుడిచ్చేదైతే వరద ఎవరిచ్చారు? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ళు మునిగినప్పుడు, టీవీ ముందు కూర్చుని ఎందరో పిల్లలు ఇలాగే అడిగి ఉంటారు. దయచేసి "దేవుడికి కోపం వచ్చింది, వాళ్ళేదో పాపం చేసుంటారు" అనకండి. నీళ్ళలో చిక్కుకున్న ఇంట్లోనూ ఇలాంటి పిల్లలే ఉన్నారు. వాగులు పారే దారిలో మనుషులు ఇళ్ళు కట్టుకుంటారని చెప్పొచ్చు. ఆపైన తెలియనిది తెలియదనే చెప్పొచ్చు, దానివల్ల మీ భక్తికి లోటేమీ రాదు. పడవల మీద పాల ప్యాకెట్లు, అన్నం పొట్లాలు మోసుకెళ్ళినవాళ్ళను చూపించి, మనింట్లోంచి ఏం పంపుదామని అడగండి. దేవుడు పంపే అన్నం వాళ్ళ చేతుల మీదుగానే కదా వెళ్ళింది.

మాటల కన్నా తిండి పిల్లలకు బాగా గుర్తుంటుంది. నేరేడు, సీతాఫలం, రేగుపండు, ఏ కాలానిది ఆ కాలంలో తెచ్చి, మొదటిది దేవుడి దగ్గర పెట్టించి, తర్వాత తిననివ్వండి. తాటిచెట్టు దగ్గర మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు ఆగమంటాను. దానికి ఎవరూ నీళ్ళు పొయ్యరు, ఎరువు వెయ్యరు. వేసవి దాహానికి ముంజలిస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో పండు రాలుస్తుంది. ఆ పండు కాల్చి, పీచు చీకి అవతల పారేసే టెంకలోనే చలికాలపు తేగ ఉంది. తెలంగాణలో గేగులంటారు.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు కూడా ఆ టెంకలు పాతి తేగలు పెంచొచ్చు. లోతైన పాత డ్రమ్ము ఒకటి వెతికి, ఇసుక కలిపిన మట్టి నింపి, టెంకలు పైన పరిచి, మళ్ళీ కాస్త మట్టి కప్పించండి. మొలక ముందు కిందికి దిగుతుంది కాబట్టి లోతు ఉండాలి. వారం తిరక్కముందే తవ్వి చూస్తామని పిల్లలు గొడవ చేస్తారు. నెలన్నర ఆగమని, అప్పుడు ఒక్క టెంక తీసి పగలగొట్టి చూపించండి. లోపల తెల్లగా, తియ్యగా బుర్రగుంజు ఉంటుంది. మిగతావి సంక్రాంతి దాకా కదపొద్దనండి. తేగలు తవ్విన రోజు కాల్చి, పక్కింటి పిల్లలనూ పిలిచి పెట్టండి.