పుస్తకము – గాజుపలక

నంద్యాల నుండి అళ్ళగడ్డకు పోవు బాట సుమారు 40 కిలోమీటర్లు. ఎడమవైపున నల్లమల కొండలు మన వెంటనే వచ్చుచున్నట్లు తోచును. అళ్ళగడ్డ చేరగానే ఉలిచప్పుడు చెవినిబడును. అచ్చటి శిల్పులు రాతిని దేవతామూర్తులుగా మలచుటలో పేరు గన్నవారు. ఆ చప్పుడు విన్నప్పుడెల్ల నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చును. మన పూర్వులు అక్షరమును నిలుపదలచి రాతినే ఆశ్రయించిరి.

కుందూనది పారు ఈ సీమను పూర్వము రేనాడనెడివారు. క్రీ. శ. 575 ప్రాంతమున రేనాటి చోళులు నేటి కడప జిల్లాలోని కలమళ్ళలో వేయించిన శాసనము తెలుగున దొరికిన తొలి శాసనముగా ప్రసిద్ధి కెక్కినది. గ్రంథములు వ్రాయుటకు తాటియాకును, గంటమును వాడిరి. పిమ్మట కాగితము వచ్చెను, అచ్చుయంత్రము వచ్చెను. 1746లో జర్మనీ దేశములోని హాలే నగరమున తెలుగు పుస్తకము అచ్చయినది. తాటియాకు గ్రంథమును ఒక్కొక్క ప్రతిగా వ్రాసికొనవలసియుండెను. అచ్చు వచ్చిన తరువాతనే ఒకే పుస్తకము వేలకొలది యిండ్లకు చేరగలిగెను.

ఇప్పుడు గాజుపలక వచ్చినది. దానినే ట్యాబు అనుచున్నాము. ఇది వచ్చినందున అచ్చుపుస్తకము ఇక అక్కరలేదా? బాలలారా, తొందరపడి బదులు చెప్పకుడు. నేను కన్నులార చూచిన రెండు సంగతులు చెప్పెదను, వినుడు.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినవి. అప్పుడు నేను అళ్ళగడ్డకు చేరువనున్న యొక పల్లెలో ప్రధానోపాధ్యాయుడను. సెల్ ఫోను ద్వారా పాఠములు పంపుచుంటిమి. ఒక యింట ముగ్గురు పిల్లలు; ఫోను ఒక్కటే. తండ్రి తెల్లవారగానే దానిని జేబులో వేసికొని పొలమునకు పోవును. అతడు తిరిగి వచ్చుసరికి చీకటిపడును. ఫోనులోని శక్తియు ఉడుగును. ఈ సంగతి తెలిసి మేము పై తరగతులకు పోయిన పిల్లల పాతపుస్తకములను సేకరించి, ఇల్లిల్లు తిరిగి పంచితిమి. కొన్నింటికి అట్టలు లేవు. కొన్నింట పుటలు చిరిగియున్నవి. అయినను అవి ఆ పిల్లల చేతిలో పగలెల్ల ఉండెను. ఒకరు చదివిన పుస్తకమును మరియొకరు చదువవచ్చుననుట ఎంత గొప్ప విషయమో నాకు ఆనాడు తెలిసినది.

రెండవ సంగతి. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఉచితముగా ట్యాబులు పంచుట ప్రారంభించెను. ఉపాధ్యాయులకు ఇచ్చినవానితో కలిపి అవి 5 లక్షలకు పైబడినవి. బైజూస్ సంస్థ సిద్ధపరచిన పాఠములను వానిలో ముందుగనే నింపి యిచ్చిరి. అప్పటికి నేను ఉద్యోగవిరమణ చేసి నంద్యాలలో కాపురముంటిని. మా చెల్లెలి మనుమరాలు అళ్ళగడ్డలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒకనాడు నేను వారింటికి పోగా, ఆ బాలిక ట్యాబు తెచ్చి, “తాతా, ఇటు చూడుము” అని గుండె పనిచేయు తీరును చూపెను. కవాటములు తెరచుకొనుచున్నవి, మూసికొనుచున్నవి, రక్తము గదినుండి గదికి పోవుచున్నది. ముప్పది యేండ్లు నల్లబల్లమీద సుద్దముక్కతో గుండె బొమ్మ గీచితిని. నా గుండె ఒక్కనాడును కొట్టుకొనలేదు! గాజుపలకకు మనసులో నమస్కరించితిని.

వార్షిక పరీక్షలు సమీపించినవి. ఒకనాటి సాయంకాలము గాలివాన వచ్చి కరెంటు పోయెను. మరునాడును రాలేదు. ట్యాబు ఆరిపోయెను. ఆ బాలిక అటకమీది సంచిలోని పాఠ్యపుస్తకమును దింపి, దీపము వెలుగున చదువుకొనెను. తరువాత నాతో ఇట్లనెను: “తాతా, ఆ పాఠమును ట్యాబులో నాలుగుమార్లు చూచితిని. అంతయు తెలిసినదనుకొంటిని. మా అవ్వ అడుగగా చెప్పబోతిని. నోట మాట రాలేదు. పుస్తకములో గీతలు గీచుకొని, మూసి, మరల చెప్పుకొన్న తరువాతనే వచ్చినది.”

చూచుట వేరు, నేర్చుట వేరు. ఆ బాలిక కరెంటు లేని రాత్రి దీనిని తెలిసికొనెను.

పండితులును ఈ విషయమును పరిశీలించిరి. 2018లో స్పెయిన్, ఇజ్రాయిల్ దేశముల పరిశోధకులు అంతకు పూర్వము జరిగిన 54 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచిరి. వానిలో పాల్గొన్నవారు 1,71,055 మంది. విషయప్రధానమైన పాఠములను కాగితముపై చదివినవారు తెరపై చదివినవారికంటె కొంత మేలుగా గ్రహించిరని తేలెను. కాలపరిమితి యున్నప్పుడు ఈ భేదము హెచ్చుగా కనబడెను. కథల విషయమున మాత్రము భేదము కానరాలేదు.

తెరలను ముందుగా స్వీకరించిన స్వీడన్ దేశము 2023లో పాఠశాలలకు అచ్చుపుస్తకములు కొనుటకై 68 కోట్ల 50 లక్షల క్రోనారులు కేటాయించెను. దక్షిణ కొరియా 2025 మార్చిలో కృత్రిమ మేధతో కూడిన డిజిటల్ పాఠ్యపుస్తకములను ప్రవేశపెట్టి, ఆగస్టులోనే వానికి పాఠ్యపుస్తక హోదాను తొలగించి, అనుబంధ సామగ్రిగా మాత్రమే నిలిపెను. మన ట్యాబులకు పాఠములు కూర్చిన సంస్థపై 2024 జూలైలో దివాలా విచారణ ఆరంభమయ్యెను. పాఠములు సిద్ధపరచిన సంస్థ కష్టములలో పడినచో వానిని సవరించి నడుపువారెవరు? పుస్తకమునకు ఈ చింత లేదు. ఒకసారి అచ్చయి చేతికి వచ్చినది మనదే.

అట్లని గాజుపలకను త్రోసివేయదగునా? తగదు. చూపు లేని బాలునకు పాఠమును చదివి వినిపించునది అదియే. 2017లో కేంద్రప్రభుత్వము దీక్ష అను వేదికను ప్రారంభించెను. పాఠ్యపుస్తకములలో అచ్చువేసిన క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపినచో, ఆ పాఠమునకు సంబంధించిన దృశ్యము తెరపై వచ్చును. పుస్తకమును తీసివేయక, దానికి కన్నులును నోరును ఇచ్చిన యీ పద్ధతి నాకు నచ్చినది.

ఈ నడుమ అళ్ళగడ్డలో ఒక శిల్పి పనిని చూచుచు నిలిచితిని. ఆయన ఒక విగ్రహపు చిత్రమును సెల్ ఫోనులో పెద్దది చేసి, అటునిటు త్రిప్పి చూచెను. పిదప ఫోనును ప్రక్కనబెట్టి, రాతిపై గీత గీచి, ఉలి పట్టెను.

“అయ్యా, ఫోను నీకు బాగుగ పనికివచ్చుచున్నదే!” అంటిని.

“చూచుటకు అది చాల మంచిది సారూ. చెక్కుటకు మాత్రము నా చేయి కావలయును గదా” అని ఆతడు నవ్వెను.

బాలలారా! మీరును అట్లే చేయుడు. తెరపై చూచిన పాఠమును పుస్తకము తెరచి చదువుడు; గీతలు గీచుకొనుడు; మూసి యొకరికి చెప్పుడు. సంవత్సరము ముగిసిన పిమ్మట ఆ పుస్తకమును చింపక, మీ వెనుక వచ్చు తమ్మునికో చెల్లెలికో ఇండు.

ప్రశ్నలు

1. కరోనా కాలమున ప్రధానోపాధ్యాయుడు పాతపుస్తకములను ఏల సేకరించెను?
2. “నా గుండె ఒక్కనాడును కొట్టుకొనలేదు” అను మాటలోని భావమేమి?
3. చూచుటకును నేర్చుటకును గల భేదమును బాలిక ఎట్లు తెలిసికొనెను?
4. శిల్పి మాటలను మీ చదువునకు అన్వయించి వ్రాయుడు.