చెవితో చదివిన కుటుంబ కథ

గత సంవత్సరము మా కంటికి శస్త్రచికిత్స జరిగినందున, కొన్ని వారములపాటు పుస్తకము పట్టరాదని వైద్యులు శాసించిరి. ఉపాధ్యాయునకు ఇంతకంటె శిక్ష గలదా? అప్పుడు మా కుమార్తె తన చేతిఫోనులో, జర్మను రచయిత థామస్ మాన్ 1901లో ప్రకటించిన 'బుడెన్‌బ్రూక్స్' నవలయొక్క ఆంగ్ల శ్రవణగ్రంథమును పెట్టి యిచ్చెను.

ల్యూబెక్ పట్టణమున ధాన్యవర్తకము చేసిన యొక కుటుంబము నాలుగు తరములలో క్షీణించిన విధము ఇందలి కథ. అది 1835లో మొదలై 1877లో ముగియును. ఎడిసన్ పలుకు యంత్రమును కనుగొన్నదియు ఆ 1877లోనే యగుట మాకు వింతగా తోచినది. అమెరికాలో 1934 ప్రాంతమున అంధులకొఱకు చేసిన పళ్లెములు ఒక్కొక్క ప్రక్క సుమారు 15 నిమిషములే పలికెడివి. ఇంత నవలకు ఎన్ని పళ్లెములు త్రిప్పవలెనో!

మొదటి రెండు దినములు తికమకయే. తాత యోహాన్, తండ్రి యోహాన్, చివరి బాలుడు హన్నోకును ఆ పేరే. వెనుకకు పుట త్రిప్పుటకు వీలులేదు. కావున కుమార్తెచేత వంశక్రమమును చెప్పించుకొని వల్లించితిమి. పిమ్మట రచయితయే తోడుపడెను. ఆయన ప్రతివానికిని ఒక గుర్తు నిచ్చి, మరల మరల దానిని చెప్పును. టోనీ పై పెదవి కొంచెము ముందుకు వచ్చినది. గెర్డా కన్నులచుట్టు నీలినీడలు గలవు. ఆ నీడలే పసివాడగు హన్నో కన్నులచుట్టును వినబడగానే, 'వీడు తల్లి పోలిక' అని మా లోపల ఉలికిపాటు కలిగినది. కంటితో చదివినచో దానిని దాటిపోయి యుందుము. అక్షరము రాని మన ముత్తవ్వలు అరుగులపై కూర్చుండి భారతమంతయు గుర్తుంచుకొన్న దీ దారినే కాబోలు. చదువరి పాత్రపాత్రకును గొంతు మార్చుట మాత్రము మాకు రుచింపలేదు.

ఒకనాడు హన్నో కుటుంబపు పుస్తకములో తన పేరు క్రింద కొలబద్దతో రెండు గీతలు గీయును. తండ్రి కోపించి అడుగగా, ఇక నేమియు రాదనుకొంటినని చెప్పును. అచ్చట మేము యంత్రము నాపి చాలసేపు కదలక పరుండితిమి.

చివర నొక అధ్యాయము గలదు. అందు సన్నిపాత జ్వరము వారము వారము ఎట్లు ముదురునో వైద్యగ్రంథమువలె చెప్పబడినది. ఎవరి పేరును లేదు. కన్ను దాటగల పుటను చెవి దాటలేదు. సగము వినునప్పటికి మాకు అనుమానము పుట్టి, 'అమ్మా, ఆ పిల్లవాడు పోయెనా?' అని అడిగితిమి.

'తరువాతి అధ్యాయము వినుడు, నాన్నగారూ' అని ఆమె మెల్లగా బదులు చెప్పెను.