జాతి, నస్ల్, ఖౌమ్: హైదరాబాదు సిద్దీల గుర్తింపు

తెలుగులో ‘జాతి’ అను ఒక్క మాటతోనే నరజాతిని, కులమును, దేశప్రజలను కూడ చెప్పుకొందుము. ఉర్దూలో ‘నస్ల్’ వేరు, ‘ఖౌమ్’ వేరు. మొదటిది పుట్టుకను, రెండవది కలిసి బ్రతుకు సముదాయమును సూచించును. ఈ రెంటి నడుమ గల దూరమే జాతి మిశ్రమమును పరిశీలించు సామాజిక శాస్త్రజ్ఞునకు పరిశోధన క్షేత్రము. జాతి యనునది జీవశాస్త్ర సత్యము కంటె సామాజిక కల్పనయే యని 1950లోనే యునెస్కో పండితులు ప్రకటించిరి.

ఈ విషయమును గ్రహించుటకు మన కేతేపల్లి విద్యార్థులు అమెరికా వైపు చూడనక్కరలేదు. 19వ శతాబ్దములో పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా యోధులతో ఒక అంగరక్షక దళమును నెలకొల్పెను. తరువాత ఆ దళము నిజాము కొలువునకు చేరి ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అయ్యెను. మాసబ్‌ట్యాంకు చెంతనున్న ఏ.సి. గార్డ్స్ పేటకు పేరు వచ్చినది ఈ దళము వలననే. చల్లని గాలి యంత్రముల వలన కాదు! 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట దళము రద్దయినది. కొలువు పోయినను కుటుంబములు అక్కడనే నిలిచినవి.

అబాబు మిందా యిమెనె అను పరిశోధకుడు ఈ కుటుంబముల గుర్తింపు ఎట్లు నిలిచినదో, ఎట్లు మారినదో పరిశీలించి, 2004లో జర్మనీ దేశమున ఒక గ్రంథమును ప్రచురించెను. ఆయన ఇథియోపియా దేశస్థుడు. ‘హబ్షీ’ అను మాట పుట్టినది ఆ దేశపు పాత పేరగు ‘హబష్’ నుండియే. అయినను ఆయన వెదకినది రక్తములో ఎంత పాలు ఆఫ్రికా యని కాదు. తమను తాము ఏమని చెప్పుకొందురు, ఇరుగుపొరుగు ఏమని పిలుతురు అని. నా దృష్టిలో పరిశోధకుని విజ్ఞత ఇచ్చటనే యున్నది.

సిద్దీలు యెమెన్ నుండి వచ్చిన అరబ్బులతోను, స్థానిక ముస్లిములతోను వియ్యమందిరి. పెండ్లి ఊరేగింపులలో మ్రోగు మర్ఫా వాద్యము ఇరువురిదియు. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు వినబడును. ఇట్టి కలయికకు ప్రభుత్వ పట్టికలలో గడి లేదు. ముస్లిం వెనుకబడిన తరగతులకు నాలుగు శాతము కేటాయించిన 2007 నాటి చట్టములో ‘సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ’ అను పేర్లు కలవు, అరబ్బులు మినహాయింపబడిరి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ సిద్దీలు మాత్రము షెడ్యూల్డు తెగలలో ఉన్నారు.

తల్లి సిద్దీ, తండ్రి అరబ్బు అయిన బాలిక కళాశాలలో చేరునపుడు దరఖాస్తులో ఏమి వ్రాయవలెను? ఆమె ముఖమును చూచియా, తండ్రి పేరును చూచియా, ఆమె పెరిగిన వాడను చూచియా ధ్రువపత్రము నిచ్చుట?