నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయి?

కారు ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మే వాషర్ని, పనిచేస్తున్నన్నాళ్ళు ఎవరూ పట్టించుకోరు. దాని విలువ తెలియాలంటే వరి పొలాల పక్క రోడ్డు మీద చీకటి పడ్డాక వెళ్ళాలి. పురుగులు వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. నీళ్ళు లేకుండా వైపర్ వేస్తే ఆ జిడ్డు అద్దమంతా పులుముకుంటుంది. దాని మీద ఎదురు లారీ హైబీమ్ పడిందంటే తెల్లటి తెర తప్ప ఇంకేమీ కనపడదు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి సుమారు 22 మీటర్లు వెళ్తుంది. 3 సెకన్లు కనపడకపోతే 66 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే కదా!

ఈ వాషర్ పనిచెయ్యకపోతే చాలామంది మొదట అనే మాట "మోటార్ పోయుంటుంది". నిజంగా పోయిందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మనం కోడ్‌లో బగ్ వెతికే పద్ధతే ఇక్కడా సరిపోతుంది. ముందు తప్పు ఏ సగంలో ఉందో తెలుసుకోవాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి.

లోపల ఏముంది?

నీళ్ళ దారి ఇది: ప్లాస్టిక్ ట్యాంకు, దాని అడుగున చిన్న మోటార్ పంపు, సన్నని పైపు, చాలా కార్లలో ఒక వన్-వే వాల్వ్, చివర్లో నాజిల్. కరెంటు దారి ఇంకొకటి: బ్యాటరీ, ఫ్యూజు, స్టీరింగ్ పక్కన ఉండే లివర్, అక్కడి నుంచి మోటార్. రెండు దారులూ కలిసేది మోటార్ దగ్గరే. కాబట్టి మన మొదటి టెస్ట్ కూడా అక్కడే.

మొదటి టెస్ట్: చెవి

ముందు ట్యాంకులో నీళ్ళు ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, లివర్ లాగండి. ఒకరు బానెట్ దగ్గర నిలబడి వినాలి. "గుయ్య్" మని శబ్దం వస్తే కరెంటు దారి బాగున్నట్టే, వెతకాల్సింది నీళ్ళ దారిలో. శబ్దమే లేకపోతే కరెంటు దారిలో వెతకాలి. ఒక్క టెస్ట్‌తో సగం సమస్య పక్కకి పోయింది. లివర్‌ని మాత్రం కొన్ని సెకన్లకి మించి పట్టుకోవద్దు. ఖాళీ పంపు తిరుగుతూ ఉంటే వేడెక్కి నిజంగానే పాడవుతుంది.

శబ్దం వస్తోంది, నీళ్ళు రావట్లేదు

ఇంజిన్ చల్లారాక నాజిల్ కింద పైపు ఊడదీసి మళ్ళీ లివర్ లాగించండి. పైపు చివర నీళ్ళు ధారగా వస్తే నాజిల్ పూడుకుపోయింది. రాకపోతే వెనక్కి వెళ్తూ చూడాలి: పైపు ఎక్కడైనా ఊడిందా, మడత పడిందా, ఎలుక కొరికిందా, వాల్వ్ బిగుసుకుందా, పంపు దగ్గర జాలీలో నాచు పట్టిందా అని. ఇది అచ్చంగా లీనియర్ సెర్చే.

మా ఇంటి కారులో దొరికింది నాజిలే. రంధ్రంలో తెల్లటి పొక్కు కట్టింది. కారణం మేం పోసే బోరు నీళ్ళు. ఫస్టియర్ కెమిస్ట్రీలో "హార్డ్‌నెస్ ఆఫ్ వాటర్" అని మార్కుల కోసం బట్టీపట్టిన చాప్టరే కారులో ఎదురైంది! నాజిల్ బయటికి తీసి కాసేపు వెనిగర్‌లో నానబెట్టాం. కాల్షియం కార్బొనేట్ కరిగింది. తర్వాత మంచినీళ్ళతో కడిగి, సన్నని సూదితో మెల్లగా శుభ్రం చేశాం. సూదిని బలంగా గుచ్చకూడదు. రంధ్రం పెద్దదైతే నీళ్ళు అద్దం దాకా ఎగరవు.

శబ్దమే లేదు

ఇగ్నిషన్ ఆపి ఫ్యూజు చూడండి. ఏది వాషర్‌దో ఫ్యూజు బాక్సు మూత మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. కాలిపోతే అదే ఆంపియర్లది పెట్టాలి. 10 స్థానంలో 20 పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. కొత్తదీ వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎలక్ట్రీషియన్‌కి చూపించాల్సిందే.

ఫ్యూజు బాగుంటే మోటార్ కనెక్టర్ ఊడదీసి, బీఈఈ ల్యాబ్‌లో వాడిన మల్టీమీటర్ పెట్టండి. లివర్ లాగినప్పుడు సుమారు 12 వోల్టులు చూపిస్తే కరెంటు అక్కడిదాకా వస్తోంది. ముందు పిన్నుల మీద తుప్పు ఉందేమో చూసి, శుభ్రం చేసి మళ్ళీ పెట్టండి. అప్పటికీ తిరగకపోతే మోటార్ పోయింది. ఇప్పుడు ఆ మాట ధైర్యంగా అనొచ్చు. 12 చూపించకపోతే తప్పు స్విచ్‌లోనో, వైరులోనో. అప్పుడు కొత్త మోటార్ కొన్నా దండగే.

ఏ నీళ్ళు పొయ్యాలి?

ఆర్వో నీళ్ళు మంచివి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళలో కూడా లవణాలు చాలా తక్కువ, బట్టతో వడకట్టి పొయ్యొచ్చు. వాటిలో వాషర్ లిక్విడ్ కలిపితే సరి. బట్టల సబ్బు, సర్ఫు వద్దు. సబ్బు ఉప్పునీళ్ళతో కలిస్తే తెట్టు కట్టి మళ్ళీ నాజిల్‌నే పూడుస్తుంది.

సంక్రాంతికి కారులో ఊరెళ్ళేవాళ్ళు టైర్లో గాలి, ట్యాంకులో పెట్రోలు ఎలాగూ చూసుకుంటారు. బయల్దేరే ముందు రోజు ఆ లివర్ కూడా ఒకసారి లాగి చూడండి. రెండు ధారలూ అద్దం మధ్యలో పడుతున్నాయా? సరే, ఇక హాయిగా వెళ్ళిరండి.