గని పూడ్చిన నేల మళ్లీ పొలం కావాలంటే

మనవాళ్లు తరతరాలుగా స్థిరపడిన ప్రాంతాలలో బొగ్గు గనులు ఉన్నచోట్లు కొన్ని ఉన్నాయి. మహారాష్ట్రలో చంద్రపూర్, ఒడిశాలో తాల్చేరు, తమిళనాడులో నైవేలి అలాంటివే. గని అనగానే ఉద్యోగం గుర్తుకొస్తుంది. బొగ్గు తీసేశాక ఆ నేల సంగతి ఏమిటని అడిగితే మాత్రం "చెట్లు నాటుతారు" అని ఒక్క మాటతో సరిపెడతాం. నైవేలిని ఉదాహరణగా తీసుకుని అసలు జరిగేది ఏమిటో చూద్దాం.

1930 దశకంలో జంబులింగ ముదలియార్ గారి భూమిలో బావి తవ్వుతుండగా నీటితోపాటు నల్లని పదార్థం పైకి వచ్చింది. అదే లిగ్నైట్, అంటే పూర్తిగా ముదరని గోధుమరంగు బొగ్గు. 1956లో నైవేలి లిగ్నైట్ సంస్థ ఏర్పడింది. 1957 మే నెలలో ప్రధాని నెహ్రూ తవ్వకాన్ని ప్రారంభించారు. లిగ్నైట్ చేతికందింది 1961లో! అన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, దానిపైన పదుల మీటర్ల మందాన మట్టి, బంకమట్టి, ఇసుకరాయి ఉన్నాయి. కిందనేమో ఒత్తిడితో ఉబికే భూగర్భ జలం. ఆ నీటిని నిరంతరం తోడుతూ ఉంటే తప్ప గని నిలవదు. ఒక టన్ను లిగ్నైట్ తీయాలంటే సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టిని పక్కకు తియ్యాలి.

ఇలాంటి గని ఒకచోట ఉండిపోయే గొయ్యి కాదు. ముందువైపు తవ్వుకుంటూ, వెనుకవైపు పూడ్చుకుంటూ సాగే పెద్ద కందకం అనుకోండి. చిక్కు ఇక్కడే వస్తుంది. తవ్వేటప్పుడు మొదట వచ్చేది పైమట్టి, చివర వచ్చేది అడుగుమట్టి. ఆ వరుసలోనే గొయ్యిలో పోసుకుంటూ పోతే పైమట్టి అడుగుకు చేరుతుంది, ఎన్నడూ ఎండ తగలని మట్టి పైకి వస్తుంది. నేల తలకిందులైనట్టే.

పైమట్టి అంటే జానెడు మందం. మహా అయితే అడుగు. రైతు తాతముత్తాతల పెంట ఎరువు, ఆకు అలము, వానపాములు, కంటికి కనబడని సూక్ష్మజీవులు అన్నీ అందులోనే ఉంటాయి. అడుగుమట్టిలో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు, నత్రజని అసలే తక్కువ. కొన్నిచోట్ల గంధకం కలిసిన ఖనిజాలు గాలి, నీరు తగిలి ఆమ్లంగా మారతాయి. అందుచేత పైమట్టిని ముందే విడిగా తీసి, వీలైనంత త్వరగా పూడ్చిన నేలపై పరవాలి. దాచక తప్పనప్పుడు కుప్ప ఎత్తుగా పోయకూడదు. లోపలికి గాలి అందక సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కుప్ప మీద గడ్డి, పప్పుజాతి మొక్కలు పెంచితే వానకు కొట్టుకుపోకుండా ఉంటుంది.

నైవేలిలో పూడ్చిన నేలను చదును చేసి, పశువుల ఎరువు వేసి, పచ్చిరొట్ట పైర్లు దున్ని వరి కూడా పండించారు. మన రైతులకు తెలిసిన జీలుగ, జనుము, పిల్లిపెసర చేసే పని ఇదే. వాటి వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. పూడ్చిన మట్టి కొన్నేళ్లపాటు కుంగుతూనే ఉంటుంది, గట్లు జారతాయి. బరువైన యంత్రాలు తిరిగినచోట నేల గట్టిపడి నీరు ఇంకదు.

సరుగుడు, తుమ్మజాతి చెట్లు పేదనేలలో కూడా త్వరగా పెరుగుతాయి. ఫొటోలో పచ్చగా కనిపిస్తాయి. అది అడవి అయిందనుకోవడానికి లేదు, పొలం అయిందనుకోవడానికి అసలే లేదు. ఎన్ని మొక్కలు నాటారని కాక, పైమట్టిని ఎక్కడ పెట్టారని అడగాలని నా అభిప్రాయం.

ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది. 2009 ఆగస్టులో కేంద్ర బొగ్గు శాఖ గని మూసివేత ప్రణాళికపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపరితల గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష రూపాయల లెక్కన కంపెనీ ముందుగానే ప్రత్యేక ఖాతాలో జమచేస్తూ రావాలని అప్పట్లో నిర్ణయించారు. ఆ తరువాత వాటిని సవరించారు. 2023 జూలైలో నైవేలి విస్తరణలో భాగంగా కాలువ తవ్వడానికి యంత్రాలు పైరున్న పొలాల్లోకి దిగినప్పుడు రైతులు ఎంత బాధపడ్డారో పత్రికలలో చూశాం. భూమి ఇచ్చిన ఇంటివారికి డబ్బు ఎంత వస్తుందన్నది ఒక ప్రశ్న అయితే, ఆ నేల ఎప్పటికి, ఎలాంటి స్థితిలో పొలమవుతుందన్నది రెండవది. రెండవదానికి జవాబు చెప్పగలవారు మట్టి శాస్త్రం, భూగర్భ శాస్త్రం, గనుల ఇంజనీరింగు చదివినవారు. ఇంటర్ తరువాత ఏం చదివించాలని ఆలోచించే తల్లిదండ్రులు ఈ కోర్సుల గురించి కూడా వాకబు చేయండి. ధన్‌బాద్‌లో 1926 నుండి ఉన్న గనుల విద్యాసంస్థ ఇప్పుడు ఐఐటీ.

ఇంట్లో చేయదగిన ప్రయోగం: ఒకే కొలత కుండీలు మూడు తీసుకోండి. మొదటిదానిలో పొలం పైమట్టి, మిగతా రెండింటిలో పునాది గుంటలోనో, కొత్త బావిలోనో లోతునుండి తీసిన మట్టి నింపండి. మూడవదానిలో ముందు జనుము చల్లి, నలభై రోజులకు అదే మట్టిలో కలిపేసి, మూడు వారాలు కుళ్లనివ్వండి. అప్పుడు మూడింటిలోనూ ఒకే రోజు జొన్న గింజలు వేసి, సమానంగా నీరు పోయండి. నెల రోజులపాటు వారానికొకసారి మొక్క ఎత్తు, ఆకుల రంగు, నీరు ఇంకడానికి పట్టిన సమయం నోటుబుక్కులో రాసుకోండి. చివరికి మొక్కలను పీకి వేళ్లను పక్కపక్కన పెట్టి చూడండి.