పాత బస్తీ - కొత్త కాలనీ : నివాస తృప్తి ఎక్కడ?

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీస అవసరాలని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. అయితే గూడు దొరికినంత మాత్రాన తృప్తి దొరుకుతుందా? ఇల్లు వదిలి హాస్టల్లో చేరిన మొదటి వారం నిద్రపట్టని మనకు ఈ ప్రశ్న కొత్త కాదు.

నివాస తృప్తి అనగా, మనిషి కోరుకునే దానికీ, ఉంటున్న చోట దొరికే దానికీ మధ్య వేసుకునే లెక్క. ఇందులో ముఖ్యమైనవి నాలుగు: ఇల్లు, పరిసరాలు, ఇరుగుపొరుగు, పనికి దూరం. హైదరాబాదును ఉదాహరణగా తీసుకుందాం.

పాత బస్తీ : 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ పెరిగిన బస్తీల్లో గల్లీలు ఇరుకు. చాలాచోట్ల కింద దుకాణం, పైన కాపురం. బజారూ పనీ నడిచిపోయే దూరం. చేతిలో డబ్బు లేనినాడు కిరాణా కొట్టులో ఖాతా ఉంటుంది. కానీ గాలి, వెలుతురు తక్కువ. కొన్ని సందుల్లోకి ఫైరింజను కూడా రాదు. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి, మల్లేపల్లి వంటి చోట్ల కొత్త ఇళ్ళు కట్టింది. అంటే ఈ సమస్యకు వందేళ్ళ వయసుంది.

కొత్త కాలనీ : 2023లో నగర శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభమయ్యాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. రేకుల గదిలో బతికిన తల్లికి సొంత మరుగుదొడ్డి, వంటగది చిన్న విషయాలు కావు. అయితే నగరం నడిబొడ్డున ఇళ్ళలో పనిచేసే ఆమెకు రోజూ బస్సు ఖర్చూ ప్రయాణమూ మిగులుతాయి. బోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో 2015లో మరో పద్ధతి చూశాం. పాత ఇళ్ళు తీసి అదే స్థలంలో కొత్తవి కట్టారు. ఇల్లు మారింది, ఇరుగుపొరుగు మారలేదు.

గౌరవం : పై నాలుగింటికి మేము అయిదోది కలుపుతున్నాం. పాత వాడల ఆప్యాయతను పొగిడేటప్పుడు, అది ఎవరికి దక్కిందో కూడా అడగాలి. అమెరికాలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్ళిన డా॥ అంబేడ్కర్‌కు ఆ ఊళ్ళో ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుండి కూడా కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. నేడు ఉద్యోగం వచ్చి అద్దె ఇంటికి వెళ్ళే మన సీనియర్లను "మీరెవరండీ?" అని అడిగేది పేరు కోసం కాదని మనకు తెలుసు. గేటు కొత్తదే, ప్రశ్న పాతది.

కనుక పాతదంతా మంచీ కాదు, కొత్తదంతా సుఖమూ కాదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనూ నాన్ననూ ఈ అయిదు విషయాలూ అడిగి రాసుకుందాం. రేపు మనలో ఇంజనీర్లూ తహసీల్దార్లూ అయ్యేవారు ఇళ్ళ పట్టా మీద సంతకం పెట్టేముందు, ఆ కాగితం ఒక్కసారి తీసి చూడాలి.