బరువు పంచుకోండి, మోపకండి

ఆండర్సన్‌పేట, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. భర్త పోయిన మూడేళ్లకు ఇంకొకరి మీద మనసు పడినందుకు ఏదో నేరం చేసినట్టు రాశావు. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇక్కడ జాన్ టేలర్ కంపెనీ బంగారు గనుల్లో దిగి అప్పటికి ఏడాది. ఆ గనులు నూట ఇరవై ఏళ్లు నడిచి మూతపడ్డాయి కూడా. మనవాళ్లలో కొందరికి పంతులుగారి మాట ఇంకా చెవికెక్కలేదు. మీ అమ్మకు నేను నచ్చజెబుతాను.

ఇద్దరూ దెబ్బతిన్నవాళ్లే, కలిస్తే తేరుకుంటారా అని కదా నీ భయం? 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేనాటికి నువ్వు మనసుపడ్డ అబ్బాయి బడికి పోతున్నాడు. మా గని కార్మికుల లైన్ ఇళ్లలో పోయింది జీతం ఒక్కటే కాదు. షిఫ్టుల లెక్కన తిని పడుకున్న మగవాళ్లకు పొద్దు గడవలేదు. కొందరు తాగుడులో పడ్డారు, కొందరు మాటే మానేశారు. తండ్రి ముఖం చూసి నోరు విప్పాలో వద్దో తేల్చుకుంటూ పెరిగారు పిల్లలు. నీ ఫోన్ ఒక పూట రాకపోతే అతను బెంబేలెత్తేది అందుకే. అతను దగ్గితే నీకు ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది.

నేను చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాణ్ణి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ ఒకచోట తవ్వితే పైనున్న రాతి బరువు పక్క రాతి మీద పడుతుంది. ఓర్చినంతసేపు ఓర్చి, ఒక్కసారిగా పేలుతుంది. మనుషులూ అంతే. నీ దుఃఖమంతా అతని మీద వెయ్యకు, అతనిదంతా నువ్వు ఎత్తుకోకు.

పోయినవాడి పేరు అతని ముందు జంకు లేకుండా చెప్పు; ముఖం ముడుచుకోకుండా వింటాడేమో చూడు. అతను తండ్రి గురించి చెబుతుంటే నీతులు చెప్పకు. వస్తానన్న వేళకు రా, రాలేకపోతే ముందే చెప్పు. ఆ ఇంట్లో పెరిగినవాడికి అదే పెద్ద ధైర్యం. ప్రేమ మాన్పేది ఇలాగే, మెల్లగా.

ప్రేమతో కానివీ ఉంటాయి. రాత్రుళ్లు నిద్ర లేకపోతే, బతుకు మీద విరక్తి పుడితే, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. డబ్బు తీసుకోరు, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు. మీరు రోజూ రైల్లో పోయే బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. సిగ్గుపడాల్సిన పని లేదు.

అతను చెయ్యెత్తినా, తాగుడు మొదలుపెట్టినా పాపమని ఉండిపోకు. జాలి మీద కాపురం నిలవదు. ఉద్యోగం మానొద్దు, స్నేహితులను వదలొద్దు. పెళ్లికి తొందరేం లేదు. శ్రీనివాసపురం మామిడి ఒక కాపు వచ్చిపోయేదాకా ఒకరినొకరు చూసుకోండి. అప్పటికీ మనసు మారకపోతే ముహూర్తం నేనే పెట్టిస్తాను.

వచ్చే ఆదివారం అతన్ని భోజనానికి తీసుకురా. అతనితో కూడా మాట్లాడాలి.

ఇట్లు,
మీ మామయ్య